పాత మాయాలోకాన్ని మళ్లీ తెరకెక్కించే ముందు

నాయనా,

ఒకప్పుడు పిల్లలను ఉర్రూతలూగించిన ఆ సాహసగాథలను మళ్లీ మొదటి నుంచి తీసే పని నీకు దక్కిందని తెలిసి సంతోషించాను. ఇక కాస్త కుదురుగా కూర్చుని ఇది చదువు.

అభిమానులు ఈలలు వేసే పాత గుర్తులన్నీ ఏరి కథ అల్లాలని చూడకు. ఆ కత్తి, ఆ కిరీటం, ఆ పాత బాణీ ఎవరైనా తేగలరు. ఆ లోకంలో మాయకు ఒక కట్టుబాటు ఉంటుంది, ముందు దాన్ని పట్టుకో. 1995 నాటి 'జుమాంజీ' సినిమాలో మాయంతా పాచికలు వేసి ఆడే ఒక బోర్డు గేమ్‌లో ఉంటుంది. 2017 సినిమాలో ఆ పెట్టెను చూసి, ఈ కాలంలో ఇవి ఎవరు ఆడతారంటూ కుర్రాడు పక్కన పడేస్తాడు. తెల్లారేసరికి అది వీడియో గేమ్ క్యాసెట్‌గా మారి ఉంటుంది! జంతువులు ఊళ్లోకి వచ్చి పడే బదులు ఈసారి పిల్లలే అడవిలోకి వెళ్లారు. ఆట ముగిస్తే తప్ప విముక్తి లేదన్న నియమాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. పాత సినిమాలో రాబిన్ విలియమ్స్ వేసిన పాత్ర పేరు అడవిలోని గూడులో చెక్క మీద చెక్కి కనిపిస్తుంది. పాత సినిమాకు ఆ మాత్రం నమస్కారం చాలు.

'క్లాష్ ఆఫ్ ద టైటన్స్' సంగతి వేరు. 1981లో వచ్చిన ఆ సినిమాలో రే హ్యారీహౌసెన్ బొమ్మలను ఒక్కో ఫ్రేముకు పిసరంత జరుపుతూ వాటికి ప్రాణం పోశాడు. 2010లో దాన్ని మళ్లీ తీసినవాళ్లు ఆనాటి యంత్రపు గుడ్లగూబను నాయకుడి చేతికిచ్చి, అక్కడే వదిలెయ్యమని పక్కవాడితో అనిపించారు. నవ్వు కోసమే పెట్టారులే, నాకు మాత్రం ఒళ్లు మండింది. పాతదంటే అంత చిన్నచూపు ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లడం ఎందుకు?

నిర్మాతలు రెండో భాగం, మూడో భాగం అంటూ నిన్ను తొందరపెడతారు. 2017లో 'ద మమ్మీ' విడుదల కాకముందే, రాబోయే సినిమాలన్నిటికీ కలిపి 'డార్క్ యూనివర్స్' అని పేరు పెట్టి, తారలందరినీ ఒకే ఫొటోలో చూపించారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. మొదటి సినిమాతోనే ఆ ముచ్చట తీరిపోయింది. నువ్వు ఈ ఒక్క కథనే పూర్తిగా ముగించు.

గ్రాఫిక్స్ గురించి నీకు చెప్పేటంతవాణ్ని కాను.

స్క్రిప్టు అయ్యాక పాత సినిమాలు చూడని పదేళ్ల పిల్లకు కథంతా చెప్పు. ఆ పిల్ల ఎక్కడ "ఎందుకు?" అని అడిగితే, అక్కడ నువ్వు కథ చెప్పడం మానేసి పెద్దవాళ్ల జ్ఞాపకాల మీద బండి లాగుతున్నావన్నమాట. ఆ చోట్లన్నీ తిరగరాశాకే నాకు పంపు.