పేరడీ ఆల్బమ్ చేస్తున్న మేనల్లుడికి

ఒరే చిన్నా,

నువ్వు పంపిన నాలుగు పాటలూ రెండేసి సార్లు విన్నాను. మీ అత్త కూడా వింది. సాహిత్యం బాగుంది, ముఖ్యంగా వీసా ఇంటర్వ్యూ మీద రాసిన ర్యాప్. మ్యూజిక్ మాత్రం చుట్టచుట్టి పడేసినట్టుంది. "కామెడీయే కదా మావయ్యా, బీట్ ఎలా ఉంటే ఏం" అన్నావు ఫోన్లో. అక్కడే పొరబడ్డావు. ముప్పై ఏళ్లు రికార్డింగ్ థియేటర్లో కూర్చున్నవాణ్ణి, నా మాట విను.

కాలిఫోర్నియాలో మీ ఫ్రీమాంట్‌కి దగ్గర్లోనే కదా బర్కిలీ. అక్కడ పెరిగిన ముగ్గురు స్నేహితులు ఆండీ శాంబర్గ్, అకీవా షాఫర్, జోర్మా టకోనీ ‘ది లోన్లీ ఐలాండ్’ పేరుతో 2009 ఫిబ్రవరిలో ‘ఇన్‌క్రెడిబ్యాడ్’ అనే ఆల్బమ్ తెచ్చారు. ఎలక్ట్రానిక్ వాద్యాలతో కట్టే ఎలక్ట్రోపాప్, ర్యాప్ కలిపి, అప్పటి హిట్ పాటల డాబునంతా ఆటపట్టించారు. కొన్ని పాటలు మీ అమ్మ ముందు పెట్టేవి కావు, హెడ్‌ఫోన్స్‌లో విను. అందులో ‘ఐయామ్ ఆన్ ఎ బోట్’ ఒక్కటి పట్టుకో. పాటలో విషయమల్లా వాళ్లు పడవెక్కడమే. బీట్ మాత్రం ప్రపంచాన్ని జయించినవాడికి కట్టినట్టుంటుంది. పైగా ఆటోట్యూన్ (గొంతు శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) గొంతుకి పేరుపడ్డ గాయకుడు టీ-పెయిన్‌నే పిలిచి పాడించారు. ఏ ధోరణిని ఆటపట్టిస్తున్నారో ఆ ధోరణికి పెద్దదిక్కయినవాడే వచ్చి మనసుపెట్టి పాడాడు. దానికి గ్రామీ నామినేషన్ వచ్చింది, అదీ కామెడీ విభాగంలో కాదు, ర్యాప్ పాటల విభాగంలో.

కాబట్టి ముందు పాటని పాటలా చెయ్. నీ రెండో పాటలో కిక్ డ్రమ్మూ బేసూ ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయి. కిక్ పడినప్పుడల్లా సింత్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) శబ్దం కాస్త తగ్గి మళ్లీ లేచేలా సైడ్‌చెయిన్ పెట్టు, ఎలక్ట్రోపాప్‌కి ఆ ఊపు దాన్నించే వస్తుంది. ఆటోట్యూన్‌లో శ్రుతి ఎంత వేగంగా సరిదిద్దాలో చెప్పే రీట్యూన్ స్పీడ్ సున్నాకి దించావు, మంచిదే. కానీ పాట సీ మైనర్లో ఉంటే స్కేల్ సీ మేజర్ పెట్టావు. అందుకే గాంధారం దగ్గరికొచ్చిన ప్రతిసారీ గొంతు పక్క స్వరం మీదికి దూకుతోంది.

మూడో పాట రెండో చరణంలో మీవాడెవడో నవ్వాపుకుంటూ పాడాడు. ముక్కులోంచి వచ్చిన ఆ గాలి మైకులో స్పష్టంగా పడింది. ఆ టేక్ తీసెయ్. మా ఆర్కెస్ట్రా రోజుల్లో ఓ పెళ్లిలో పేరడీ పాట కదా అని కావాలనే శ్రుతి తప్పి వాయించాం, మధ్యమధ్య మేమే నవ్వుకున్నాం. జనం లేచి భోజనాలకి వెళ్లిపోయారు. తర్వాతి ముహూర్తానికి అదే సాహిత్యం, అసలు పాట పాడినంత శ్రద్ధగా పాడితే రెండుసార్లు అడిగి పాడించుకున్నారు. మనవాళ్లలో జరుక్ శాస్త్రిగారు శ్రీశ్రీ కవిత్వానికి పేరడీ రాస్తే ఆ నడక చెక్కుచెదిరేది కాదు. ఆయన్ని పేరడీ శాస్త్రి అన్నారంటే ఊరికే అనలేదు.

ప్రాసల సంగతి. తెలుగులో ‘నేను’తో వచ్చే క్రియలు చాలావరకు ‘తాను, తాను’ అని ముగుస్తాయి కాబట్టి అంత్యప్రాస చవగ్గా దొరుకుతుంది. వస్తాను, చూస్తాను, చేస్తాను అని పదహారు లైన్లు రాశావు. చెవి అలిసిపోతోంది. రెండో అక్షరం ప్రాస పట్టు, ‘జీతం’ పక్కన ‘రాత’ పెట్టు. లైన్ మొదట్లోనే దెబ్బ పడితే ర్యాప్‌కి బిగువు వస్తుంది.

ఇక ట్యూన్లు. ఉన్న పాట బాణీ ఎత్తుకోవద్దు. డబ్బు కోసం చేసిన పేరడీ కూడా ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండానే చట్టం ఒప్పుకునే వాడకం) కావచ్చని 1994లో అమెరికా సుప్రీంకోర్టు, టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం కేసులో చెప్పింది నిజమే. అది ఆ పాటనే ఆటపట్టించేవాళ్లకి అండ. నువ్వు ట్యూన్ ఒకరిది తీసుకుని జోకు వీసా మీద వేస్తున్నావు, ఆ వాదన నిలబడటం కష్టం. అమెరికాలో పేరడీ పాటలకి పేరుపడ్డ ‘వియర్డ్ ఆల్’ యాంకోవిక్ అంతటివాడే ముందు పాటగాళ్ల అనుమతి అడుగుతాడు. ధోరణి తీసుకో, ట్యూన్ నీదై ఉండాలి.

వీసా పాట మూడున్నర నిమిషాలుంది. జోకు రెండు నిమిషాలకే అయిపోతోంది, అక్కడికి ఆపెయ్. స్కేల్ మార్చి, నవ్వాపుకుంటూ పాడిన ఆ చరణం మళ్లీ పాడించి, ట్రాకులు విడివిడిగా పంపు. ఆదివారం పొద్దున్న, మీకు శనివారం రాత్రి, కూర్చుని మిక్స్ చేద్దాం.

ఆశీస్సులతో,
మావయ్య