నూనె చుక్కలు, ప్లాస్టిక్ స్కేలు, పెచ్చులూడిన గోడ

ప్రశ్న: స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, నూనె చుక్కలు వేసి ఫోన్‌తో ఫొటో తీశాను. రంగుల ఆకారాలు వస్తాయనుకుంటే ట్యూబ్‌లైటు, గిన్నె అడుగు కనిపించాయి. పొరపాటు ఎక్కడ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: గిన్నెలోనే. నూనె చుక్కకు రంగుండదు, కింద ఉన్నదాన్ని లెన్సులా చూపిస్తుంది. అందుకే అడుగు చదునుగా ఉన్న గాజు పాత్ర కావాలి. దాన్ని రెండు పుస్తకాల దొంతరల మీద ఆనించి, కింద ఒక అడుగు దూరంలో ముదురు రంగుల చీర పరవండి. చీర మరీ దగ్గరైతే పువ్వులూ అంచూ గుర్తుపట్టేలా ఉంటాయి, దూరంగా ఉంటే మసకబారి రంగులే మిగులుతాయి.

కాచి చల్లార్చిన నీళ్లు 2 సెంటీమీటర్ల ఎత్తు పోయండి. కుళాయి నీళ్లయితే గాజుకు గాలి బుడగలు అంటుకుని ఫొటోలో మచ్చల్లా పడతాయి. వంటనూనె అర టీస్పూను చాలు. చుక్కలన్నీ కలిసిపోతుంటే అంట్లు తోమే లిక్విడ్ ఒక్క బొట్టు వేసి మెల్లగా కలపండి. రెండో బొట్టు వేశారా, నురగే!

ట్యూబ్‌లైటు ఆర్పేసి, టేబుల్ ల్యాంపు వెలుగు నీళ్ల మీద కాకుండా చీర మీద పడేలా తిప్పండి. ఫ్యానూ ఆపాలి, చుక్కలు కదిలిపోతాయి. ఫోను కెమెరాలో ప్రో మోడ్ (సెట్టింగులు మనమే మార్చుకునేది) ఉంటే షట్టర్ వేగం 1/200 సెకను పెట్టండి. ఫోను మరీ దగ్గరికి తెస్తే ఫోకస్ కుదరదు, దాని నీడా పడుతుంది. కాస్త పైకెత్తి 2ఎక్స్ జూమ్ వాడండి. చుక్క అంచు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేయండి.

ప్రశ్న: పారదర్శక ప్లాస్టిక్‌లో ఇంద్రధనుస్సు రంగులు ఎలా వస్తాయి? పోలరైజింగ్ ఫిల్టర్ కొన్నాను, ఏ రంగూ రాలేదు.
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: వెనక ఎల్‌సీడీ ల్యాప్‌టాప్ పెట్టి, తెర నిండా తెల్లటి పేజీ తెరవండి. ఆ తెర నుంచి వచ్చే వెలుగు ముందే పోలరైజ్ అయి ఉంటుంది, అంటే దాని తరంగాలు ఒకే దిశలో ఊగుతుంటాయి. గది చీకటి చేసి, లెన్సు ముందు ఫిల్టర్ తిప్పుతూ తెర నల్లబడగానే ఆపండి. ఇప్పుడు మధ్యలో స్కేలో, సీడీ డబ్బా మూతో పెడితే రంగుల చారలు కనిపిస్తాయి. అచ్చుపోసినప్పుడు ప్లాస్టిక్‌లో మిగిలిపోయిన ఒత్తిడే ఆ రంగులకు కారణం. మలుపుల దగ్గర, రంధ్రాల చుట్టూ చారలు దట్టంగా ఉంటాయి, ఫ్రేము అక్కడే కట్టండి.

ఎంత తిప్పినా తెర నల్లబడకపోతే మీరు ఫిల్టర్‌ను తిరగేసి పట్టుకున్నట్టే. ఫోనుకు చేత్తో పట్టుకునేవాళ్లు తరచూ చేసే తప్పు ఇది. లెన్సుకు బిగించే మర ఉన్న వైపు లెన్సుకేసి ఉండాలి.

ప్రశ్న: పెచ్చులూడిన గోడను ఫొటో తీస్తే వింత ఆకారాల్లా కాకుండా గోడలాగే ఉంటోంది!
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఫ్రేములో మేకో, వైరో, స్విచ్‌బోర్డో ఉండి ఉంటుంది. పరిమాణం చెప్పే వస్తువు ఒక్కటి ఉన్నా కన్ను గోడనే గుర్తుపడుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆరన్ సిస్కిండ్ 1940ల నుంచి ఇలాంటి గోడల్నే దగ్గరగా, చదునుగా తీశారు. మీరూ ఫోను గోడకు సమాంతరంగా పట్టండి, వాలితే ఒక మూల మసకబారుతుంది. గోడ మీద ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకోండి. మిట్టమధ్యాహ్నం నీడలో ఉన్న గోడ మీద పెచ్చుల అంచులు తేలవు.