ఫ్రీస్వాల్ ఆవు ఎక్కడిది?

నల్గొండ రైతు ఒకరు ఫ్రీస్వాల్ జాతి చరిత్ర అడిగారు. సైనికులకు కల్తీ లేని పాలు అందించడానికి 1889లో అలహాబాద్‌లో మొదలైన మిలిటరీ ఫారాలే దానికి పుట్టిల్లు. పాలిచ్చే గుణానికి విదేశీ జాతి హోల్‌స్టీన్‌ను, ఎండనూ పిడుదులనూ తట్టుకోవడానికి దేశవాళీ జాతి సాహివాల్‌ను కలిపి, ఎనిమిది పాళ్లలో అయిదు హోల్‌స్టీన్, మూడు సాహివాల్ ఉండేలా ఈ జాతిని స్థిరపరిచారు. ఈతకు నాలుగు వేల కిలోల పాలు లక్ష్యంగా పెట్టుకున్నారు.

నా దృష్టిలో అసలు ఘనత ఫారం మేనేజర్ రిజిస్టరుది. దూడ పుట్టగానే బరువు తూచి, చెవికి నంబరు వేసి, తల్లి పాల దిగుబడి, తండ్రి ఆబోతు వివరాలు రాసి, ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఆ పుటలను చూసే నిర్ణయించాలి. సైన్యానికి పాలు బయట సులువుగా దొరుకుతున్న కాలంలో, 2017లో కేంద్రం మిగిలిన 39 ఫారాలనూ మూసేయాలని నిర్ణయించింది. 2021 మార్చితో అవి ముగిశాయి.

మన వేసవికి సంకరజాతి ఆవును కొనేటప్పుడు పొదుగు ఒక్కటే చూడకండి, చెవి నంబరు, తల్లి ఈతల లెక్క కూడా అడగండి.