అండాశయంలో గడ్డ అసలు ఎక్కడ పుట్టింది? ఐహెచ్‌సీ పరీక్ష ఏం చెబుతుంది?

అమ్మ బయాప్సీ రిపోర్టులో "అండాశయంలో క్యాన్సర్, పుట్టుక తేల్చడానికి ఐహెచ్‌సీ చేయాలి" అని ఎందుకు రాశారని అడిగారు. అండాశయంలో కనిపించే ప్రతి క్యాన్సర్ అక్కడే పుట్టిందని చెప్పలేం. పెద్దపేగు, జీర్ణాశయం నుంచి కూడా అక్కడికి పాకుతుంది. మైక్రోస్కోపులో రెండూ ఒకేలా కనిపించొచ్చు. అందుకే కణాల్లోని ప్రోటీన్లను యాంటీబాడీలతో (ఒక్కో ప్రోటీన్‌ను వెతికి అతుక్కునే పదార్థాలతో) గుర్తిస్తారు. ఇదే ఐహెచ్‌సీ (ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ). ఆ ప్రోటీన్ ఉన్నచోట సాధారణంగా గోధుమరంగు వస్తుంది.

ఇలా వెతికే ప్రోటీన్లనే మార్కర్లు అంటారు; సీకే7, పాక్స్8, సీకే20 లాంటివి వాటి పేర్లే. పాజిటివ్ అంటే ఆ ప్రోటీన్ ఉందని, నెగెటివ్ అంటే లేదని. సీకే7, పాక్స్8 పాజిటివ్, సీకే20 నెగెటివ్ అయితే అండాశయం, ఫాలోపియన్ ట్యూబ్, గర్భాశయం వైపు మొగ్గు. సీరస్ రకంలో (అండాశయ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే) డబ్ల్యూటీ1 కూడా పాజిటివ్ అయితే గర్భాశయం కంటే ట్యూబ్, అండాశయాలకే అవకాశం ఎక్కువ. సీకే7 నెగెటివ్‌గా ఉండి సీకే20, శాట్‌బీ2 పాజిటివ్ వస్తే పెద్దపేగును అనుమానించాలి.

చిక్కంతా మ్యూసినస్ (జిగురు పదార్థం తయారుచేసే) రకంతోనే. అండాశయంలోనే పుట్టినా సీకే20 కొంత రావచ్చు, పాక్స్8 అసలు రాకపోవచ్చు. పైగా జీర్ణాశయం, క్లోమం నుంచి వచ్చినవి కూడా ఎక్కువగా సీకే7 పాజిటివే. కాబట్టి ఒక్క మార్కర్ చూసి టెన్షన్ పడకండి. గడ్డ ఒకవైపే ఉందా, రెండు వైపులా ఉందా, ఎంత పెద్దది, స్కాన్‌లో పేగు ఎలా ఉంది అన్నవీ కలిపి చూసి పాథాలజిస్టు తేలుస్తారు. అమ్మకు ఇంతకుముందు ఏదైనా క్యాన్సర్ ఆపరేషన్ జరిగి ఉంటే ఆ పాత స్లైడ్లు, బ్లాకులు (మైనంలో భద్రపరిచిన కణజాలం ముక్కలు) తప్పకుండా తీసుకెళ్లి ఇవ్వండి.