యూరప్‌లో మొదటిసారి రైలెక్కేవారికి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ వేసవిలో నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్లి కొన్నాళ్లు ఉండి, మేమిద్దరమే రైల్లో పారిస్, వెనిస్ చూసి రావాలనుకుంటున్నాం. విదేశంలో రైలెక్కడం మాకిదే మొదలు. టికెట్లు కొనేముందు ఏం తెలుసుకోవాలి?

జవాబు: దారిలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటిని టికెట్టు కొనేటప్పుడే తప్పించుకోవచ్చు కాబట్టి, దీని గురించి కాస్త వివరంగానే చెబుతాను. ధర తక్కువగా కనిపించగానే కొనేయకుండా, ఆ టికెట్టుకు ఏయే షరతులున్నాయో ముందు చదవండి. జర్మనీ రైల్వే సంస్థ డాయిచ బాన్ అమ్మే చౌక టికెట్టు 'స్పార్‌ప్రైస్' మీరు ఎంచుకున్న ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. 'ఫ్లెక్స్‌ప్రైస్' తీసుకుంటే ప్రయాణ తేదీన అదే దారిలో వెళ్లే వేరే రైలు కూడా ఎక్కవచ్చు. బయలుదేరే రోజూ వేళా ఖాయమైతే మొదటిదే చాలు. స్పార్‌ప్రైస్ టికెట్టుతో ముందున్న రైలో, తర్వాతి రైలో ఎక్కితే మాత్రం టికెట్టు లేనట్టే లెక్క.

సీటు సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. ఫ్రాన్స్‌లో టీజీవీ అనే అతివేగ రైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి, అది టికెట్టులోనే కలిసి ఉంటుంది. జర్మనీలోని దూరప్రాంత రైళ్లలో టికెట్టు కొన్నంత మాత్రాన సాధారణంగా సీటు రాదు. కావాలంటే విడిగా రుసుము కట్టి రిజర్వు చేయించుకోవాలి. గంటల తరబడి నిలబడే అవసరం రాకుండా మీరిద్దరూ ఆ రుసుము కట్టడమే మంచిది. ఒకే పాస్‌తో పలు యూరప్ దేశాల రైళ్లెక్కనిచ్చే, ఎక్కువమంది అడిగే యూరెయిల్ పాస్ విషయంలోనూ ఈ తేడా గుర్తుంచుకోవాలి. పాస్ చేతిలో ఉన్నా టీజీవీకి, ఇటలీలోని అతివేగ రైలు ఫ్రెచ్చారోస్సాకు రిజర్వేషన్ రుసుము వేరే చెల్లించాల్సిందే. రెండు మూడు ప్రయాణాలకే అయితే పాస్ కన్నా విడి టికెట్లను ముందుగా కొనుక్కోవడం మేలని నా అభిప్రాయం.

ఇక అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది స్టేషన్ పేరు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా వెళ్లే రైలు మిమ్మల్ని పారిస్‌లోని గార్ ద లెస్త్ స్టేషన్‌లో దింపుతుంది. ఇటలీ వైపు వెళ్లే రైళ్లు బయలుదేరేది గార్ ద ల్యోఁ నుంచి. పేరులో ల్యోఁ ఉన్నా ఈ స్టేషన్ పారిస్‌లోనే ఉంది. రెండూ నగరంలో వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి, పారిస్‌లో ఆగకుండా ముందుకు సాగేవారు మధ్యలో కనీసం గంటన్నర వ్యవధి ఉంచుకోవాలి. వెనిస్‌కూ రెండు ప్రధాన స్టేషన్లున్నాయి. మెస్త్రె ప్రధాన భూభాగం మీద ఉంటుంది. కాలువల నగరంలోకి వెళ్లాలంటే సాంతా లుచియాలో దిగాలి. తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. మీ అమ్మాయి ఉండేది మైన్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ అయితే, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున అదే పేరుతో మరో ఊరుంది. అమ్మాయి ఇంటికి దగ్గరి స్టేషన్ ఏదో అడిగి, దాని పూర్తి పేరు కాగితం మీద రాయించుకోండి.

ఇటలీలో ప్రాంతీయ రైళ్లకు కాగితపు టికెట్టు కొంటే, రైలెక్కక ముందే స్టేషన్‌లోని చిన్న యంత్రంలో దానిపై తేదీ, సమయం ముద్ర వేయించుకోవాలి. డబ్బు పెట్టి కొన్న టికెట్టే అయినా ముద్ర లేకపోతే జరిమానా పడుతుంది.

ప్రశ్న: పెద్ద పెట్టెలతో రైలెక్కడం కుదురుతుందా? మన బోగీ ఎక్కడ ఆగుతుందో ఎలా తెలుస్తుంది?

జవాబు: కుదురుతుంది, కానీ విమానంలో లాగా పెట్టెలు అప్పగించే ఏర్పాటు సాధారణంగా ఉండదు. మెట్లెక్కించడం, అరల్లో సర్దడం అన్నీ మీరే చేసుకోవాలి. ఎవరి పెట్టె వారు ఒక్కరే ఎత్తగలిగేంత బరువే ఉంచుకోండి. టీజీవీలో ప్రతి పెట్టెకూ పేరు రాసిన చీటీ తప్పనిసరి. జర్మనీ ప్లాట్‌ఫారాలపై ఏ, బీ, సీ అంటూ అక్షరాల బోర్డులు వేలాడుతుంటాయి. ఏ బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో ప్లాట్‌ఫారం తెరపై చూపిస్తారు. కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోయి చెరో ఊరికీ వెళ్తాయి కాబట్టి, సరైన రైలే కాక సరైన బోగీ కూడా ఎక్కాలి. టీజీవీ తలుపులు బయలుదేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూసుకుంటాయి. చాలా రైళ్లలో తలుపు దానంతటదే తెరుచుకోదు, పక్కనున్న మీట నొక్కాలి.

ప్రశ్న: మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పిపోతే మా డబ్బు పోయినట్టేనా?

జవాబు: ఆ రెండు రైళ్లకూ టికెట్టు ఎలా కొన్నారన్న దానిపై అది ఆధారపడుతుంది. మొత్తం ప్రయాణానికి ఒకే రైల్వే సంస్థ దగ్గర ఒకే టికెట్టుగా కొన్నవారిని గమ్యం చేర్చే బాధ్యత ఆ సంస్థదే. ఒక్కో రైలుకూ విడిగా కొన్నవారికి ఆ రక్షణ ఉండకపోవచ్చు. విడిగా కొంటే నాలుగైదు యూరోలు మిగలవచ్చు గానీ, రైలు మారే ప్రయాణంలో ఆ ఆదా కోసం ఈ భరోసాను వదులుకోవద్దని గట్టిగా చెబుతాను. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం గమ్యానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యంగా చేరితే టికెట్టు ధరలో 25 శాతం, 120 నిమిషాలు గానీ అంతకు మించి గానీ ఆలస్యమైతే 50 శాతం పరిహారం అడగవచ్చు. తీవ్రమైన తుఫాను వంటి కారణాలకు మినహాయింపు ఉంది. ఇది దానంతటదే ఖాతాలో పడదు; దరఖాస్తు చేసుకోవాలి, అంతవరకూ టికెట్టు పారేయకూడదు.

ప్రశ్న: రైల్లో పాస్‌పోర్టు నకలు చూపిస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల, అంటే షెంగెన్ దేశాల, మధ్య తిరిగేటప్పుడు కూడా అసలు పాస్‌పోర్టు వెంట ఉండాలి. జర్మనీ 2024 సెప్టెంబరు 16 నుంచి తన భూసరిహద్దులన్నిటి వద్దా తనిఖీలు మొదలుపెట్టింది. పాస్‌పోర్టును పెద్ద పెట్టెలో కాక ఒంటి మీది సంచిలో ఉంచుకోండి. లండన్ కూడా వెళ్లాలనుకునేవారికి బ్రిటన్ వీసా వేరే కావాలి. లండన్ వెళ్లే రైలు యూరోస్టార్ ఎక్కకముందే స్టేషన్‌లో పాస్‌పోర్టు తనిఖీ జరుగుతుంది. లండన్ నుంచి మళ్లీ ఫ్రాన్స్‌కు తిరిగి రావాలంటే, ఒకటికన్నా ఎక్కువసార్లు ప్రవేశించడానికి అనుమతించే షెంగెన్ వీసాయే తీసుకోవాలి.