ఊరి రూపం చెడకుండా కొత్త ఇళ్లకు నియమాలు ఎలా రాసుకోవాలి?

మీ గ్రామసభ కొత్త ఇళ్లకు మార్గదర్శకాలు రాసుకోవాలనుకుంటోందనీ, పెంకుటిళ్ల అందం పోగొట్టవద్దని పెద్దలు, కారు నిలపడానికి చోటు లేని ఇల్లెందుకని యువకులు పట్టుబడుతున్నారనీ రాశారు. హనుమకొండ జిల్లాలోని మా ఊర్లో ఇలాంటి కమిటీలో కూర్చున్నవాడిగా నేను చెప్పగలిగేది ఒక్కటే: ఇంటి మీద నియమాలు తగ్గించి, ఇల్లూ వీధీ కలిసే అంచు మీద గట్టిగా పెట్టండి.

మా చర్చ కూడా పెంకుల దగ్గరే మొదలైంది. గూన పెంకు కప్పు తప్పనిసరి చేయాలని కొందరు వాదించారు. కానీ మా చుట్టుపక్కల గూన చేసే కుమ్మరులు ఆ పని మానేసి చాలా కాలమైంది, దూలాలకూ వాసాలకూ టేకు కొనే స్తోమత అందరికీ లేదు, అన్నిటికీ మించి కోతులున్నాయి. మంద ఒక్కసారి కప్పు మీదుగా పోయిందంటే తర్వాతి వానకు ఇల్లంతా గిన్నెలు పెట్టుకోవలసిందేనని మన వైపు పెంకుటింట్లో ఉన్నవారికి విడమర్చి చెప్పనక్కర లేదు. మిర్చి ఎండబోసుకోవడానికీ, వేసవి రాత్రి పడుకోవడానికీ పనికొచ్చే స్లాబు వేసుకున్నవారిని ఊరిని చెడగొట్టారని నిందించడం న్యాయం కాదు. స్లాబు ఇల్లు పగలు ఉడికిపోతుందన్నది నిజమే గానీ, దానికి తెల్లపూత ఉంది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా అందుకే.

మరి ఊరి రూపం ఎక్కడుంది? దర్వాజకు ఇరువైపులా మోకాలెత్తు అరుగులు, వాటి మీద కూర్చున్నవారికి ఎదురింటివారు కనబడి పలకరించుకునే దూరం, బొడ్రాయి చుట్టూ ఖాళీగా వదిలిన జాగా, వాన నీరు నిలవకుండా కుంట వైపు పోయే వాలు: నా దృష్టిలో ఊరంటే ఇవి. వీటిని చెడగొట్టింది స్లాబు కాదు, సీసీ రోడ్డు. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్తది పోయడం వల్ల మా వీధి క్రమంగా పైకి లేచింది. ఒకప్పుడు రెండు మెట్లెక్కి లోపలికి పోయే ఒక ఇంట్లోకి ఇప్పుడు దిగి పోవాలి, ఆ ఇంటివారు వానాకాలమంతా గడప ముందు ఇసుక సంచులు పేరుస్తారు. ఇది చూసిన పక్కింటివారు కొత్త ఇంటి బేస్‌మెంట్‌ను నడుమెత్తు లేపారు. అంత ఎత్తుకు బండి ఎక్కడానికి సిమెంటు ర్యాంపును మోరీ మీదుగా వీధిలోకి దించారు. దాని కింద మోరీ పూడి, నీళ్లు మళ్లీ ఆ పల్లపు ఇంట్లోకే వచ్చాయి.

అందుకే మేము మొదట రాసుకున్న నియమం ఇంటి గురించి కాదు, రోడ్డు గురించి: పాతది తవ్వి తీయకుండా కొత్తది పోయకూడదు. బొడ్రాయి గద్దెను గుర్తుగా పెట్టుకుని ప్రతి వీధికీ ఒక మట్టం ఖాయం చేసి, ఇంటి బేస్‌మెంట్ దానికి ఎంత పైన ఉండవచ్చో చెప్పాము. మెట్లూ ర్యాంపూ సొంత జాగాలోనే ముగియాలనీ, మోరీ మీద బండలు తీసి శుభ్రం చేయడానికి వీలుగా ఉండాలనీ, బాల్కనీ హద్దు దాటకూడదనీ, వీధి వైపు ప్రహరీ ఛాతీ ఎత్తు మించకూడదనీ రాశాము. లోపల అటాచ్డ్ బాత్రూం కట్టుకుంటారా, ముందు గోడకు మెరిసే టైల్స్ అతికించుకుంటారా అన్నది వారిష్టం. (ఆ టైల్స్ నాకు నచ్చవు, కానీ నాకు నచ్చకపోవడం నియమానికి ఆధారం కాదు.)

వాహనాల విషయంలో అన్ని వీధులనూ వెడల్పు చేయాలనే ప్రతిపాదన వస్తే ఒప్పుకోకండి. హార్వెస్టరూ లారీలూ తిరిగే దారి ఒకటి నిర్ణయించి, మిగిలిన సందులను సందులుగానే ఉంచండి.

ఖర్చు పెంచే నియమం ఏదైనా కాగితం మీదే ఉండిపోతుంది. ఇందిరమ్మ ఇంటికి వచ్చే 5 లక్షలతో కనీసం 400 చదరపు అడుగులు కట్టుకోవాల్సిన కుటుంబాన్ని టేకు దర్వాజ పెట్టమని ఎవరూ అడగలేరు. వాగు పక్క ఇళ్లకు మాత్రం ఈ సడలింపు వద్దు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి రాత్రికి రాత్రే మునిగింది కాబట్టి, అక్కడ ఎత్తు మట్టం ఖర్చైనా తప్పదు.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మన తీర్మానం రాష్ట్ర నిబంధనలకు లోబడే ఉంటుంది. మీ ఊరు కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) పరిధిలో ఉంటే దాని మాస్టర్ ప్లాన్ కూడా వర్తిస్తుంది. రామప్పలాగా కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడం దగ్గరుంటే 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకునే కట్టాలి.

చివరగా, ముసాయిదా గ్రామసభకు పెట్టే ముందు ఊర్లో పనిచేసే మేస్త్రీలందరినీ పిలిచి చదివి వినిపించండి. మన దగ్గర ఎక్కువ ఇళ్లకు ప్లాన్ గీసేది వారే, ముగ్గు పోసి బేస్‌మెంట్ ఎత్తు చెప్పేదీ వారే. మా కాగితంలో గజాల్లో రాసిన కొలతలను అడుగులు, అంగుళాల్లోకి మార్చమని అడిగిందీ, ర్యాంపు వాలు ఎంత ఉంటే బండి జారదో చెప్పిందీ మా మేస్త్రీలే.