ఏటా మునిగే కాలనీలకు ముందస్తు ఏర్పాట్లు ఎందుకు జరగవు?

ప్రతి వానకాలంలో అవే కాలనీలు మునుగుతున్నాయని అందరికీ తెలిసినా ముందస్తు ఏర్పాట్లు ఎందుకు జరగవు, సామాన్యులు చేయగలిగింది ఏమైనా ఉందా అని మీరు అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో మా ఇల్లు కూడా మునిగింది. ఆ అనుభవంతోను, ఆ తరవాత కార్యాలయాల చుట్టూ తిరిగి తెలుసుకున్న సంగతులతోను ఈ సమాధానం రాస్తున్నాను.

ఆగస్టు 31, శనివారం, వాన ఎడతెరిపి లేకుండా కురిసింది. జిల్లాలో అతి భారీ వర్షాలు పడతాయన్న సందేశం మా ఫోన్లకు వచ్చింది కాబట్టి హెచ్చరికే లేదని నేను అనను. ఆదివారం తెల్లవారుజామున, వీధిలోకి ఇంకా నీళ్లు రాకముందే, స్నానాలగది తూములోంచి నల్లటి నీరు బుడగలతో పైకి తన్నుకొచ్చింది. మా అమ్మ దాని మీద గోనెసంచి కుక్కి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టింది. అది మురుగు పొంగడమే అనుకున్నామే తప్ప ఏరు మా ఇంటికి వచ్చిందని మాకు తట్టలేదు. గంట తిరగకుండానే నీళ్లు మంచం పట్టెలను తాకాయి. మేము పై వాటా వాళ్ల ఇంటికి ఎక్కేసరికి నడుంలోతు వచ్చింది. అమ్మ ఇన్సులిన్ ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. దాని కోసం నేను మళ్లీ కిందికి దిగితే, ఫ్రిజ్ వెల్లకిలా తేలుతూ వచ్చి వంటగది గుమ్మానికి అడ్డం పడి ఉంది. ఎంత నెట్టినా కదల్లేదు. పడవ దొరికి బయటపడేవరకు, రెండు పగళ్లు రెండు రాత్రులు, ఆమె మందు లేకుండానే గడిపింది. ఆ రెండు రాత్రులూ నేను ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఆ తెల్లవారుజామునే ఉంది. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరు దాకా పోయే ఏరు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి, మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కానీ కృష్ణే నిండుగా పొంగుతున్నప్పుడు ఆ కాలువ నీటిని నది లోనికి రానివ్వదు, వెనక్కి తోస్తుంది. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. బ్యారేజీ చరిత్రలో అంత వరద అంతకుముందు ఎన్నడూ రాలేదు. మళ్లింపు కాలువ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వెలగలేరు గేట్లు ఎత్తడంతో పాత ఏటి దారిలో వదిలిన నీరు, గండ్ల నుంచి పారిన నీరు, రెండూ ఇళ్లతో ఇరుకైపోయిన ఆ పల్లపు ప్రాంతాలనే ముంచాయి. ఇందులో ఎవరూ ఊహించలేనిది ఏదీ లేదు. 2005లో కూడా ఇదే ఏరు ఇవే పేటల్ని ముంచిందని మా వీధిలో పెద్దవాళ్లు గోడల మీద ఎత్తు చూపించి మరీ చెబుతారు.

అంటే లేనిది సమాచారం కాదు. ఎగువన గేట్లు ఎత్తిన నీరు మా వీధికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. మాకు దక్కవలసిన సమయం ఆ కొన్ని గంటలే. ఆ రాత్రి ఆ కబురు మా గుమ్మం దాకా రాలేదు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని అక్కడ చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఏ అంకెకు ఏ దారి మునుగుతుందో, ఎప్పుడు ఇల్లు వదలాలో వాళ్లు అంచనా వేసుకోగలరు. 2022 జులైలో నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు వేలాదిమందిని ముందే పునరావాస కేంద్రాలకు తరలించగలగడానికి ఈ అలవాటు కూడా ఒక కారణమని నా నమ్మకం. మా వీధిలో మాత్రం వెలగలేరు దగ్గర ఎంత నీరు వస్తే మేము కదలాలో చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు. జిల్లా అంతటికీ కలిపి పంపిన ఒక సందేశం, నిద్రలో ఉన్న మనిషిని మంచం మీద నుంచి లేపదు.

రెండో కారణం పనుల కాలం. మా ప్రాంతంలోని ఒక మురుగు కాలువ పూడికతీత గురించి సమాచార హక్కు చట్టం కింద సంబంధిత కార్యాలయానికి దరఖాస్తు పెట్టాను. పని ఎప్పుడు అప్పగించారు, ఎన్ని మీటర్లు తీశారు, తీసిన పూడిక ఎక్కడ పోశారు అన్నవే నా ప్రశ్నలు. పని జులైలో అప్పగించినట్లు జవాబు వచ్చింది. నైరుతి రుతుపవనాలు జూన్ మొదటి పక్షంలోనే మన దగ్గరికి వస్తాయి. ఇక పూడిక ఎక్కడ పోశారో నేనే కళ్లారా చూశాను: గుర్రపుడెక్కతో సహా కాలువ గట్టు మీదే కుప్పలు పోసి వెళ్లారు, తరవాతి వానకు సగం తిరిగి కాలువలోకే జారింది. ఆ కాగితం చదివినప్పుడు వచ్చినంత కోపం నాకు ఇల్లు మునిగిన రోజున కూడా రాలేదు.

వరద తరవాత ప్రభుత్వం నేల అంతస్తు ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తులవారికి 10,000 రూపాయలు సాయం ప్రకటించింది. ఆ సొమ్ము ఎంతోమందికి ఆసరా అయింది, కాదనను. కానీ మునిగాక ఇచ్చే డబ్బు గురించి జరిగే చర్చలో పదో వంతు కూడా ఏప్రిల్‌లో తీయవలసిన పూడిక గురించి జరగదు.

సామాన్యులు ఏం చేయగలరన్నదానికి, మేము చేసినది చెబుతాను. మా వీధిలో మూడు కరెంటు స్తంభాల మీద 2024 వరద మట్టాన్ని ఎర్రరంగుతో గుర్తు పెట్టాం. వృద్ధులు, గర్భిణులు, మంచం పట్టినవారు ఏ ఇంట్లో ఉన్నారో, ఏ డాబా మీద ఎంతమందికి చోటుందో రాసుకున్నాం. ఎగువ గ్రామాల్లో తెలిసినవాళ్లు నలుగురి ఫోన్ నంబర్లు తీసుకున్నాం. అక్కడ ఏరు పెరిగితే రాత్రి ఏ వేళైనా వాళ్లు ఫోన్ చేస్తారు, మేము పళ్లేలు మోగిస్తూ వీధి లేపుతాం. జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికను ఏటా సమీక్షించి సవరించాలని విపత్తు నిర్వహణ చట్టం, 2005 చెబుతోంది. అందుకే మార్చిలోనే ఆ ప్రణాళికలో మా వార్డుకు కేటాయించిన పునరావాస కేంద్రం ఏది, పడవలు ఎక్కడ ఉంటాయి అని రాతపూర్వకంగా అడిగి, అందినట్లు తేదీతో సహా ముద్ర వేయించుకున్నాం. నోటిమాటగా అడిగినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆ ముద్ర ఉన్న కాగితం తీసుకుని నలుగురం కలిసి రెండోసారి వెళ్లినప్పుడు కూర్చోబెట్టి మాట్లాడారు. పడవల సంగతి ఇంకా తేలలేదు. పునరావాస కేంద్రం ఏదన్నది మాత్రం చెప్పారు, వెళ్లి చూసి వచ్చాం. దానికి వెళ్లే దారి కూడా మునిగేదేనని మళ్లీ రాసి ఇచ్చాం.

మీ ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టవలసిన మందులు వాడేవారు ఉంటే జూన్ నుంచి ఒక వారానికి సరిపడా మందు పై అంతస్తులో ఎవరి ఇంట్లోనైనా ఉంచండి. మా అమ్మ ఇన్సులిన్ ఇప్పుడు పై వాటా వాళ్ల ఫ్రిజ్‌లో, వాళ్ల పాల పక్కన, మా ఇంటి పేరు రాసిన డబ్బాలో ఉంటోంది.